కిందపడ్డ ఆర్15 రిపేరు: ఫెయిరింగ్ కంటే ముందు చూడాల్సినవి

స్పోర్ట్స్ బైక్ కిందపడగానే అందరి కళ్లూ ఫెయిరింగ్ మీదే, అంటే బైక్‌ని కప్పే ప్లాస్టిక్ తొడుగు మీదే పడతాయి. పగిలిన ప్లాస్టిక్, గీతలు పడ్డ ట్యాంకు, విరిగిన అద్దం కంటికి ఎదురుగా కనిపిస్తాయి కాబట్టి స్పేర్ల లిస్టు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. కానీ ఫెయిరింగ్ లేకపోయినా బైక్ తిన్నగా పోతుంది, బ్రేకు పడుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ వంగినా, స్టీరింగ్ దగ్గర చాసిస్ కదిలినా మాత్రం కొత్త ప్లాస్టిక్ కింద ప్రమాదాన్ని దాచిపెట్టి నడిపినట్టే. అందుకే ఇక్కడ పని వరుస వేరుగా ఉంటుంది. ముందు బైక్ తిన్నగా ఉందో లేదో తేల్చుకోవాలి. ఆ తర్వాత బ్రేకులు, కంట్రోళ్లు, ఇంజిన్, వైరింగ్. ప్లాస్టిక్ అన్నిటికంటే చివర.

ఉదాహరణకు యమహా ఆర్15 తీసుకుంటున్నాను. మన దగ్గర ఏ ఇంజినీరింగ్ కాలేజీ పార్కింగ్‌లో చూసినా కనిపించే బైక్ ఇది. దీని మూడో, నాలుగో వెర్షన్లయిన వీ3, వీ4 రెండింటిలోనూ 155 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజిన్, స్టీల్ డెల్టాబాక్స్ ఫ్రేమ్, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలే. వీ3కి మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్ ఉంటే, 2021లో వచ్చిన వీ4కి తలకిందుల ఫోర్క్, అంటే యూఎస్‌డీ, ఉంటుంది. ఆర్‌సీ 390కైనా, నింజా 300కైనా పద్ధతి ఇదే, కొలతలు మారతాయి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టండి.

పడిన చోట

ముందు మనిషి సంగతి. పడిన వెంటనే నొప్పి తెలియదు. లేచి నిలబడ్డాం కదా అని దెబ్బలు లేవనుకోవద్దు, డాక్టరుకు చూపించుకోండి. తల నేలకు తగిలితే హెల్మెట్ మార్చాల్సిందే. పైకి గీత మాత్రమే కనిపించినా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది, అది రెండోసారి కాపాడదు. ఇంకెవరికైనా గాయాలైతే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం వాళ్లకు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి.

ఇంజిన్ ఇంకా తిరుగుతుంటే కిల్ స్విచ్ నొక్కి, తాళం ఆఫ్ చేయండి. పక్కకి పడుకున్న బైక్‌లో ఆయిల్ పంపుకి ఆయిల్ అందకపోవచ్చు. వీలైతే బైక్‌ని లేపేముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. నిలబెట్టాక నేల మీద చూడండి: నల్లటి మరక ఇంజిన్ ఆయిల్, రంగున్న నీళ్లు కూలెంట్, పెట్రోలైతే వాసనే చెబుతుంది.

సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కావడం లేదు అంటే కంగారు పడొద్దు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న చాలా స్పోర్ట్స్ బైక్‌లలో లీన్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. బైక్ పడిపోయిందని అది ఇంజిన్ ఆపేస్తుంది. తాళం ఒకసారి పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది. బైక్ తలకిందులైతే మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి ఆయిల్ చేరి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు స్పార్క్ ప్లగ్ విప్పి, గుడ్డ అడ్డం పెట్టి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి చూడాలి.

ఆయిల్ కారుతున్నా, ముందు బ్రేకు లివర్ మెత్తగా లోపలికి పోతున్నా, హ్యాండిల్ ఒక పక్కకి తిరిగి ఉన్నా నడిపి ఇంటికి తేవద్దు. ట్రాలీ ఆటోలో వేయించండి.

బోల్టు విప్పకముందే ఇన్సూరెన్స్

క్లెయిమ్ చేయాలనుకుంటే ముందు కంపెనీకి చెప్పండి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందు విప్పిన బైక్ మీద వాదన మొదలైతే తేలదు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ మీద 50 శాతం తరుగు తీసేస్తారు. లోహపు భాగాలకు వయసును బట్టి కోత ఉంటుంది: ఆరు నెలల దాకా ఏమీ లేదు, ఏడాది దాటితే 10 శాతం, మూడేళ్లు దాటితే 25, ఐదేళ్లు దాటితే 40. స్పోర్ట్స్ బైక్ బిల్లులో పెద్ద వాటా ప్లాస్టిక్‌దే కాబట్టి, జీరో డెప్, అంటే ఈ తరుగు కోత లేని కవర్, ఉందా లేదా అన్నదాన్ని బట్టి మీ చేతి నుంచి పడే డబ్బు బాగా మారుతుంది.

రిపేరు ఖర్చు బైక్ ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బైక్ విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు. ఇక చిన్న ఖర్చుకి క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. ఆ బోనస్ 50 శాతం దాకా పెరిగి ఉంటే లెవర్, ఇండికేటర్, అద్దం లాంటివి సొంత డబ్బుతో మార్చుకోవడమే లాభం. పాత స్పేర్లు మాత్రం క్లెయిమ్ డబ్బు చేతికి వచ్చేదాకా పారేయొద్దు.

విప్పడం

బైక్‌ని ప్యాడాక్ స్టాండ్ మీద నిలబెట్టి ఫెయిరింగ్ మొత్తం విప్పండి. దెబ్బ ఒక వైపే తగిలినా రెండు వైపులా విప్పాల్సిందే. ఫెయిరింగ్ బోల్టులు చూడ్డానికి ఒకేలా ఉన్నా పొడవులు వేరు. ఒక అట్టముక్క మీద బైక్ పక్క భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. విరిగిన ప్లాస్టిక్ ముక్కలన్నీ, గోరంతవి కూడా, ఒక కవర్లో దాచండి. తర్వాత వాటితో పని ఉంది.

బైక్ తిన్నగా ఉందా

ఈ పనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

మొదట స్టీరింగ్. ముందు చక్రం గాల్లో ఉండేలా బైక్‌ని లేపి, హ్యాండిల్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి చాలా నెమ్మదిగా తిప్పండి. నడుమ ఎక్కడైనా చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే స్టీరింగ్ బేరింగులు, దెబ్బతిన్నట్టు. ఫోర్క్ కింది కొసల్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్కుమని ఆడితే కోన్ సెట్ లూజు. రెండు కొసల్లోనూ స్టీరింగ్ స్టాపర్ సరిగ్గా తగులుతోందో చూడండి. ఆ చిన్న ముక్క విరిగితే హ్యాండిల్ వచ్చి ట్యాంకుని కొడుతుంది, యూటర్న్‌లో మీ బొటనవేలు మధ్యలో ఇరుక్కుంటుంది.

చక్రం తిన్నగా ఉన్నప్పుడు హ్యాండిల్ వంకరగా కనిపిస్తే వెంటనే ఫోర్క్ వంగిందని తేల్చేయొద్దు. చాలాసార్లు టీ క్లాంపుల్లో, అంటే ఫోర్క్ కాళ్లను పైనా కిందా పట్టి ఉంచే రెండు టీల్లో, ఫోర్క్ మెలి తిరిగి ఉంటుంది అంతే. ఇరుసు, మడ్‌గార్డ్, కింది టీ బోల్టులు లూజు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ని సరిచేయండి. బైక్‌ని దింపి ఫోర్క్‌ని నాలుగైదుసార్లు నొక్కి వదిలి, తర్వాత బిగించండి. కుదిరితే మంచిదే. కుదరకపోతే ఏదో ఒకటి వంగింది.

అదేమిటో తెలుసుకోవాలంటే చక్రం తీసేసి, ఒక్కో ఫోర్క్ కాలినీ క్లాంపుల్లో లూజు చేసి చేత్తో తిప్పండి. తిన్నగా ఉన్న కాలు ఉన్న చోటే తిరుగుతుంది. వంగిన కాలు తిరుగుతుంటే కింది కొస గాల్లో సున్నా చుడుతుంది. వీ3 లాంటి మామూలు ఫోర్క్ సాధారణంగా కింది టీకి సరిగ్గా కింద వంగుతుంది. క్రోమ్ ట్యూబ్ మీద వేలిగోరు పెట్టి పైనుంచి కిందికి జరిపితే అక్కడ సన్నటి ముడత తగులుతుంది. పూర్తిగా విప్పి వీ బ్లాకుల మీద డయల్ గేజ్‌తో కొలిస్తే, యమహా మాన్యువళ్లు ట్యూబ్ వంపుకి సాధారణంగా పెట్టే హద్దు 0.2 మి.మీ. ట్యూబులు సరిగానే ఉండి క్లాంపుల్లోకి సాఫీగా జారకపోతే కింది టీ వంగింది. ఇరుసుని మందపాటి గాజు పలక మీద దొర్లించండి. కింద నుంచి వెలుతురు సందు కనిపిస్తూ మాయమవుతుంటే అదీ మార్చాలి.

చక్రానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై చాలు. ఫోర్క్‌కి కట్టి, దాని కొస రిమ్ అంచుకి దాదాపు ఆనేలా కత్తిరించి చక్రం తిప్పండి. సందు పెరిగి తరుగుతుంటే రిమ్ వంకర. ఒక మి.మీ. తేడా కనిపించినా మాన్యువల్‌లోని పరిమితితో పోల్చి చూడండి. అల్లాయ్‌లో పగులు ఉంటే మాత్రం కొలతలతో పని లేదు, చక్రం మార్చాలి. డిస్క్ కూడా ఇలాగే తిప్పి చూడవచ్చు. అది ఎంత అరిగేదాకా వాడవచ్చో డిస్క్ మీదే చెక్కి ఉంటుంది.

ఇప్పుడు ఫ్రేమ్. ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్య దాకా టేపుతో రెండు వైపులా కొలవండి. ఆర్15 వీ3, వీ4లకు ఇది 1325 మి.మీ. చైన్ బిగింపును బట్టి కొద్దిగా మారుతుంది. కుడి ఎడమల మధ్య తేడా ఉన్నా, రెండూ చెప్పుకోదగ్గంత తగ్గినా ముందు భాగం వెనక్కి నొక్కుకుపోయింది. గోడకో, కారుకో ఎదురుగా గుద్దిన బైక్‌లలో ఇది ఎక్కువ. టార్చి వేసి స్టీరింగ్ హెడ్ చుట్టూ వెల్డింగులు చూడండి. పెయింటు ముడత పడినా, వెంట్రుక మందాన పగిలినా లోహం సాగిందనే అర్థం.

ఆఖరిది దారం పరీక్ష. ఖర్చు లేదు, ఇంతకంటే నమ్మదగ్గది ఇంట్లో ఇంకోటి లేదు. పొడవాటి నైలాన్ దారం నడుమ భాగాన్ని వెనక టైరు వెనకగా పెట్టి, రెండు కొసల్నీ బైక్‌కి ఇరువైపులా ముందుకు తెచ్చి, ముందు చక్రం అవతల రెండు కుర్చీలకు కట్టండి. స్టాండుకు, ఎగ్జాస్ట్‌కు తగలకుండా ఎంత ఎత్తులో వీలైతే అంత ఎత్తులో లాగండి. వెనక టైరు పక్క మీద దారం వెనకా ముందూ రెండు చోట్లా సరిగ్గా ఆనేదాకా కుర్చీల్ని జరుపుతూ ఉండాలి. ఆర్15 వెనక టైరు 140, ముందు టైరు 100. తేడా 40 మి.మీ., అంటే ముందు టైరుకి రెండు వైపులా దారం నుంచి 20 మి.మీ. చొప్పున సందు రావాలి. టైరు కంపెనీని బట్టి ఈ అంకె అటూ ఇటూ కావచ్చు. కుడి ఎడమలు సమానంగా ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. సమానంగా లేకపోతే ముందుగా వెనక చక్రాన్ని అనుమానించండి. చైన్ అడ్జస్టర్ గీతల్ని నమ్మకుండా, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) ఫ్రేమ్‌కి తగిలే పివట్ నుంచి ఇరుసు దాకా రెండు వైపులా కొలిచి సరిచేసి, మళ్లీ దారం కట్టండి. అప్పటికీ తేడా పోకపోతే స్వింగార్మో, ఫ్రేమో, ఫోర్కో వంగి ఉన్నట్టే.

బెండ్ తీయించడం గురించి

"లేత్ దగ్గర ఇచ్చేద్దాం అన్నా, బెండ్ తీసేస్తారు, కొత్తదానిలా ఉంటుంది" అని ఏ ఊళ్లో మెకానిక్ అయినా అంటాడు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ జాంబాగ్‌లోనైనా మంచి పనివాళ్లు ఉన్నారు, వాళ్ల చేతి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఫోర్క్ ట్యూబ్ విషయంలో నా మాట కచ్చితం: వద్దు. ఒకసారి వంగిన ట్యూబులో లోహం అప్పటికే సాగిపోయింది. దాన్ని వెనక్కి నొక్కితే ఆకారం వస్తుంది గానీ బలం రాదు. మళ్లీ గుంతలో పడ్డప్పుడు వంగేది అక్కడే. పైగా క్రోమ్ పూతలో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడి, కొత్త ఆయిల్ సీల్‌ని కూడా కొద్దిరోజుల్లోనే చింపేస్తాయి. వంగిన ట్యూబ్‌ని తిన్నగా చేసే ప్రయత్నం చేయవద్దని యమహా మాన్యువళ్లలోనే హెచ్చరిక ఉంటుంది.

టీ, ఇరుసు, క్లిప్-ఆన్ హ్యాండిల్, అల్యూమినియం ఫుట్‌రెస్ట్ బ్రాకెట్, అల్లాయ్ చక్రం కూడా ఈ లెక్కలోవే. ఫ్రేమ్ వంగితే షోరూమ్‌లో కొత్త ఫ్రేమ్ ధర అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లతో టోటల్ లాస్ గురించి మాట్లాడండి. చాసిస్ నంబరు ఫ్రేమ్ మీదే ఉంటుంది కాబట్టి, ఫ్రేమ్ మార్పు ఆర్టీఓ అనుమతి లేకుండా జరిగే పని కాదు. ఎక్కడో దొరికిన సెకండ్ హ్యాండ్ ఫ్రేమ్‌లో ఇంజిన్ పెట్టించుకుంటే బైక్ మీది కాకుండా పోతుంది.

బెండ్ తీయదగ్గవి లేకపోలేదు. స్టీల్ గేర్ లివర్, బ్రేకు పెడల్, సైడ్ స్టాండ్ తిన్నగా చేసుకోవచ్చు. బైక్ మీద ఉండగా పైపు దూర్చి వంచొద్దు, ఆ బలమంతా లోపలి షాఫ్ట్ మీద పడుతుంది. విప్పి, వైస్‌లో బిగించి వంచండి. సెకండ్ హ్యాండ్‌లో ప్లాస్టిక్, సీటు, మీటరు కొనుక్కోండి. ఫోర్క్, చక్రాలు మాత్రం కొనొద్దు. అవి కూడా ఏదో ఒక ప్రమాదం చూసి వచ్చినవే కావచ్చు.

బ్రేకులు, కంట్రోళ్లు

విరిగిన లివర్లు మార్చేయండి. వంగిన అల్యూమినియం లివర్‌ని తిన్నగా వంచితే ఎమర్జెన్సీ బ్రేకు వేసినప్పుడే చేతిలో విరుగుతుంది. మాస్టర్ సిలిండర్ ఒంట్లో, బ్రేకు గొట్టం రెండు కొసల దగ్గరా తడి ఉందేమో చూడండి. గొట్టం విప్పితే దాని కొసను బిగించే బాంజో బోల్టు దగ్గరి రాగి వాషర్లు కొత్తవి వేయాలి. బైక్ పక్కకి పడుకున్నప్పుడు లైనులోకి గాలి చేరే వీలుంది కాబట్టి ముందూ వెనకా డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్‌తో బ్లీడ్ చేయండి, అంటే లోపలి గాలిని బయటికి పంపేయండి. ఆ ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

యాక్సిలరేటర్ దగ్గర జాగ్రత్త. పడినప్పుడు హ్యాండిల్ కొసన ఉండే బార్ ఎండ్ లోపలికి నొక్కుకుని గ్రిప్‌కి రాసుకుంటుంది. తిప్పి వదిలితే టప్పున వెనక్కి రావాలి. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి హ్యాండిల్‌ని రెండు కొసలకూ తిప్పండి. ఎక్కడైనా ఆర్‌పీఎం పెరిగితే కేబుల్ తప్పుదారిలో పోయింది. దాన్ని సరిచేయకుండా బైక్ బయటికి తీయొద్దు.

ఇంజిన్, రేడియేటర్

పక్కకి పడితే నేలకు ఆనేవి ఎడమ వైపు మ్యాగ్నెట్ కవర్, కుడి వైపు క్లచ్ కవర్. గీతలైతే వదిలేయండి. పగులని అనుమానం ఉంటే కవర్‌ని పెట్రోలుతో శుభ్రంగా తుడిచి, ఆరాక కాస్త పౌడరు చల్లి, ఇంజిన్ కాసేపు నడపండి. పగులు ఉంటే తెల్లటి పౌడరు మీద ఆయిల్ గీత అక్కడే పొడుస్తుంది. ఎం-సీల్ లాంటిది ఇల్లు చేరడానికే గానీ రిపేరు కాదు. కవర్ మార్చేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టుల్ని టార్క్ రెంచ్‌తో బిగించండి. 6 మి.మీ. కవర్ బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు. చేతి బలంతో బిగిస్తే అల్యూమినియంలో మర పోతుంది.

రేడియేటర్ రెక్కలు కొన్ని వంగితే చిన్న స్క్రూడ్రైవర్‌తో సర్దుకోవచ్చు. గొట్టం నలిగితే, కారితే కొత్తది వేయాలి. ఫ్యాన్ చేత్తో తిప్పితే ఎక్కడా తగలకుండా తిరగాలి. కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోయొద్దు. ఇంజిన్ వేడిగా ఉండగా మూత అసలు తీయొద్దు. ఎయిర్ ఫిల్టర్ కూడా ఒకసారి విప్పి చూడండి, పడినప్పుడు బ్రీదర్ గొట్టం గుండా ఆయిల్ అక్కడికి చేరుతుంటుంది.

వైరింగ్, ఏబీఎస్

హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు స్టీరింగ్ హెడ్ పక్కన వైర్లు నలుగుతాయి. అక్కడ టేపు విప్పి చూడండి. చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సర్ వైరు, పళ్ల రింగు దెబ్బతినలేదని నిర్ధారించుకోండి. లీన్ యాంగిల్ సెన్సర్ విప్పాల్సి వస్తే పైభాగం గుర్తు పైకే ఉండేలా బిగించాలి. తారుమారైతే ఇంజిన్ స్టార్ట్ కాదు.

ఇప్పుడు ప్లాస్టిక్

ముందుగా ఫెయిరింగ్ మోసే ఇనుప స్టే మార్చండి. చాలామంది దీన్ని వదిలేసి కొత్త ప్యానెళ్లు కొంటారు, అవి కూర్చోక బలవంతంగా బోల్టులు బిగిస్తారు, వారంలో బోల్టులు పట్టే చెవులు విరుగుతాయి. హెడ్‌లైట్ వంకరగా కొట్టడానికీ కారణం ఇదే.

రిపేరు చేసేముందు ప్యానెల్ వెనక అచ్చు గుర్తు చదవండి. ఏబీఎస్ అని ఉంటే పని తేలిక (ఇది ప్లాస్టిక్ రకం పేరు, బ్రేకుల ఏబీఎస్ కాదు). దాచిపెట్టుకున్న చిన్న ముక్కల్ని గాజు సీసాలో అసిటోన్ పోసి రాత్రంతా నానబెడితే చిక్కటి పేస్టు అవుతుంది. పగులు ముందుకు పాకకుండా దాని కొసన 3 మి.మీ. బెజ్జం వేయండి. వెనక వైపు పగులు వెంట వీ ఆకారంలో గాడి తీసి పేస్టు నింపండి. బరువు మోసే చోటైతే సన్నటి స్టీల్ జాలీని సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి దించి పైన పేస్టు పూయండి. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. పీపీ (పాలీప్రొపిలీన్) అని ఉంటే అసిటోన్‌కి కరగదు, పీపీ రాడ్‌తోనే వెల్డింగ్ చేయాలి. పెయింటుకి ముందు పీపీ ప్రైమర్ తప్పనిసరి.

180, 400, 800 నంబరు ఎమరీ పేపర్లతో వరుసగా రుద్ది, ప్రైమర్, రంగు, లాకర్ వేయండి. హార్డెనర్ కలిపే లాకర్ పొగలో ఐసోసయనేట్లు ఉంటాయి. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకుని గాలి ఆడే చోట కొట్టండి. అంత ఏర్పాటు లేకపోతే పెయింటర్‌కి ఇవ్వడం మేలు.

డూప్లికేట్ ఫెయిరింగ్ కిట్లు చవకే, కానీ బెజ్జాలు తరచూ కలవవు. నా సలహా: పైకి కనిపించే పెద్ద ప్యానెల్ డూప్లికేట్ అయినా సరే, స్టే, క్లిప్పులు, రబ్బరు బుష్‌లు కంపెనీవే కొనండి.

మొదటిసారి నడపడం

పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు చూసుకోండి. కదలకముందే ముందు బ్రేకు గట్టిగా పట్టి పది సెకన్లు ఉంచండి, లివర్ కుంగకూడదు. ఏబీఎస్ లైటు తాళం ఆన్ చేయగానే వెలిగి, బండి 10 కి.మీ. వేగం దాటాక ఆరిపోవాలి. ఆరకపోతే సెన్సర్ దగ్గరికి తిరిగి వెళ్లండి. 30లో ఒకసారి, 50లో ఒకసారి బ్రేకు వేసి బైక్ ఒక పక్కకి లాగుతోందా చూడండి. వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ వణికినా, తిన్నగా పోవడానికి ఒక చేతిని ఎక్కువ నొక్కాల్సి వచ్చినా అక్కడితో ఆపి, మళ్లీ దారం పరీక్ష చేయండి. ఘాట్ రోడ్డు ఆలోచన అప్పుడే వద్దు.

100 కి.మీ. తిరిగాక టీ, ఇరుసు, కాలిపర్, ఫుట్‌రెస్ట్ బోల్టుల్ని టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూసి, ఒక్కోదాని మీద పెయింట్ మార్కర్‌తో గీత పెట్టండి. ఆ తర్వాత ఏ బోల్టు కదిలినా గీత విడిపోయి కనిపిస్తుంది. ఫోర్క్ ట్యూబుల్ని తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకి ఆయిల్ అంటితే సీల్ కారుతోంది. అది డిస్క్ మీదికి, ప్యాడ్ల మీదికి చేరకముందే మార్పించండి.